క్లచ్ జారుతోందా? పాత కారును పరీక్షించే పాఠం

బదిలీ ఉత్తర్వు ఇంటికి రాగానే మూడు విషయాలు లెక్కకు వస్తాయి: స్కూలు టీసీ, సామాను లారీ, కారు. టీసీ స్కూలువాళ్లు ఇస్తారు. సామాను లారీలో వెళ్తుంది. కారు విషయం మాత్రం అంత సులువుగా తేలదు. నడుపుకుంటూ తీసుకెళ్లాలా, ట్రక్కు మీద పంపాలా, ఇక్కడే అమ్మేయాలా? కారు పాతదైతే ఈ ప్రశ్న మరీ బరువైనది. కుటుంబమంతా ఎక్కి, డిక్కీ నిండా సామాను పెట్టి, వందల కిలోమీటర్లు వెళ్లాక ఘాట్ రోడ్డు మధ్యలో కారు లాగడం మానేస్తే ఏం చేయాలి? రెండు వరసల రోడ్డు మీద లారీని దాటుతుండగా ఇంజిన్ అరుస్తూ బండి మాత్రం ముందుకు పోకపోతే? రెండోది ప్రాణాల మీదికి తెచ్చే సంగతి.

ఇలా జరగడానికి ఒక ముఖ్య కారణం క్లచ్ జారడం. ఇది ఒక్క రోజులో వచ్చే జబ్బు కాదు, ముందుగా గుర్తులు చూపిస్తుంది. ఆ గుర్తులు పట్టుకోవడానికి మనం సైన్సు తరగతిలో చదివిన ఘర్షణ పాఠం చాలు. ఉదాహరణకు మనలో చాలామంది ఇళ్లవాళ్లకు తెలిసిన మారుతి 800నే తీసుకుందాం. 1983 డిసెంబరులో మొదలై 2014 జనవరి వరకు తయారైన కారు ఇది. 796 సీసీ ఇంజిన్, మూడు సిలిండర్లు, కేబుల్‌తో పనిచేసే క్లచ్. పాత మాన్యువల్ గేరు కార్లన్నింటికీ సూత్రం ఒక్కటే.

క్లచ్ చేసే పని

ఇంజిన్ ఎప్పుడూ తిరుగుతూనే ఉండాలి, ఆగితే మళ్లీ స్టార్ట్ చేయాలి. చక్రాలు మాత్రం సిగ్నల్ దగ్గర ఆగాలి, మళ్లీ కదలాలి. తిరిగేదాన్నీ ఆగి ఉన్నదాన్నీ మెల్లగా కలపడం, కావలసినప్పుడు విడదీయడం క్లచ్ పని.

దాని భాగాలు ఇవి. ఇంజిన్ చివర ఫ్లైవీల్ అనే బరువైన ఇనుప చక్రం ఉంటుంది. దానికి ఆనుకుని క్లచ్ ప్లేటు, రెండు వైపులా గరుకు పొర అతికించి ఉంటుంది. ఈ ప్లేటు గేరు బాక్సులోకి వెళ్లే కడ్డీ మీద కూర్చుంటుంది. ప్లేటు వెనక ప్రెషర్ ప్లేటు, దానికి పళ్లెం ఆకారంలో ఒక బలమైన స్ప్రింగు. ఈ స్ప్రింగు క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కు గట్టిగా అదిమి పెడుతుంది. అప్పుడు మూడూ కలిసి ఒకే ముక్కలా తిరుగుతాయి.

మనం పెడల్ తొక్కితే కేబుల్ లాగుతుంది, రిలీజ్ బేరింగు స్ప్రింగు వేళ్లను నొక్కుతుంది, అదుము సడలుతుంది, ప్లేటు విడిపోతుంది. అంటే పెడల్ తొక్కడం వల్ల క్లచ్ కలవదు, విడిపోతుంది. పెడల్ మీద కాలు లేనప్పుడే స్ప్రింగు పూర్తి బలంతో పట్టుకుని ఉంటుంది. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

పట్టు ఎంత? ఒక లెక్క

ఘర్షణ బలం రెండింటి మీద ఆధారపడుతుంది: ఉపరితలాల గరుకుదనం, వాటిని అదిమే బలం. ఘర్షణ గుణకాన్ని అదిమే బలంతో గుణిస్తే ఘర్షణ బలం వస్తుంది. క్లచ్ తిరిగే వస్తువు కాబట్టి దాన్ని సగటు వ్యాసార్థంతో గుణించాలి. ప్లేటుకు రెండు ముఖాలు ఉన్నాయి కాబట్టి 2తో కూడా గుణించాలి. వచ్చేది క్లచ్ మోయగల మెలితిప్పే బలం, అంటే టార్క్.

లెక్క సులువుగా ఉండడానికి అంకెలు ఇలా అనుకుందాం. ఘర్షణ గుణకం 0.3, అదిమే బలం 2000 న్యూటన్లు, సగటు వ్యాసార్థం 0.07 మీటరు.

2 × 0.3 × 2000 × 0.07 = 84 న్యూటన్ మీటర్లు.

మారుతి 800 ఇంజిన్ ఇచ్చే గరిష్ఠ టార్క్ సుమారు 59 న్యూటన్ మీటర్లు. క్లచ్ 84 మోయగలదు కాబట్టి మంచి మిగులు ఉంది. ఇప్పుడు ప్లేటు మీద నూనె పడి ఘర్షణ గుణకం సగమై 0.15కు వచ్చిందనుకోండి. పట్టు 42కు పడిపోతుంది. స్ప్రింగు బలం సగమైనా ఫలితం అదే. ఇంజిన్ 59 వరకు ఇస్తుంది, క్లచ్ 42 వరకే మోస్తుంది. 42 దాటిన క్షణం నుంచి ప్లేటు జారుతుంది.

ఘాట్ రోడ్డు మీదే ఎందుకు బయటపడుతుంది?

కారు బరువు సుమారు 650 కిలోలు. మనుషులు, సామాను కలిపి మొత్తం 1000 కిలోలు అనుకుందాం. చదును రోడ్డు మీద మెల్లగా వెళ్తున్నప్పుడు టైర్ల దొర్లుడు నిరోధాన్ని దాటడానికి సుమారు 150 న్యూటన్లు చాలు. ప్రతి 15 మీటర్లకు ఒక మీటరు ఎత్తే రోడ్డు మీద భూమ్యాకర్షణ వల్ల అదనంగా 1000 × 9.8 ÷ 15, అంటే సుమారు 650 న్యూటన్లు కావాలి. మొత్తం 800. చదును రోడ్డుకు ఐదు రెట్ల పైమాటే.

చక్రం వ్యాసార్థం 0.25 మీటరు అనుకుంటే చక్రాల దగ్గర కావలసిన టార్క్ 200 న్యూటన్ మీటర్లు. పై గేరులో ఇంజిన్ 4 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుందనుకుందాం. అప్పుడు క్లచ్ మీద పడేది 200 ÷ 4 = 50. కింది గేరులో ఇంజిన్ 8 చుట్లకు చక్రం ఒక చుట్టు అయితే 200 ÷ 8 = 25. చదును రోడ్డు మీద పై గేరులో అయితే సుమారు 9 మాత్రమే.

ఇప్పుడు పట్టు 42కు పడిపోయిన క్లచ్‌ను ఈ మూడు అంకెల పక్కన పెట్టండి. చదును రోడ్డు మీద 9: హాయిగా మోస్తుంది. ఎత్తు మీద కింది గేరులో 25: మోస్తుంది. ఎత్తు మీద పై గేరులో 50: జారుతుంది. అందుకే రోజూ ఆఫీసుకూ మార్కెట్టుకూ తిరిగే కారు బాగానే ఉన్నట్టు కనిపించి, బదిలీ ప్రయాణంలో అరకు ఘాట్ మీదో శ్రీశైలం ఘాట్ మీదో బయటపడుతుంది. క్లచ్ ఆ రోజు చెడిపోలేదు. ఆ రోజు దానికి అసలు పరీక్ష ఎదురైంది, అంతే.

జారితే కనిపించేవి, వినిపించేవి

క్లచ్ పూర్తిగా పట్టుకుని ఉంటే ఒక గేరులో ఇంజిన్ వేగానికీ బండి వేగానికీ మధ్య నిష్పత్తి మారదు. ఒక కారు పై గేరులో గంటకు 60 కిలోమీటర్ల దగ్గర ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుందనుకుందాం. చదునైనా, ఎత్తైనా, పల్లమైనా అదే గేరులో 60 దగ్గర 3000 ఉండాల్సిందే. ఎత్తు మీద అదే 60 దగ్గర 3600 చూపిస్తే, తేడా 600 చుట్లు క్లచ్‌లో జారిపోతున్నాయన్నమాట.

ఆ జారిన శక్తి ఎక్కడికి పోతుంది? వేడి అవుతుంది. 600 చుట్లంటే సెకనుకు 10 చుట్లు, అంటే 62.8 రేడియన్లు. 50 న్యూటన్ మీటర్ల దగ్గర జారుతుంటే 50 × 62.8 = 3140 వాట్లు. 1000 వాట్ల ఇస్త్రీ పెట్టెలు మూడు అన్నం పళ్లెమంత ప్లేటును కాలుస్తున్నట్టు లెక్క. వేడెక్కిన పొర పట్టు ఇంకా తగ్గుతుంది, తగ్గితే ఇంకా జారుతుంది, జారితే ఇంకా వేడెక్కుతుంది. ఘాట్ మొదట్లో కొంచెం జారిన క్లచ్ ఘాట్ మధ్యకు వచ్చేసరికి పూర్తిగా వదిలేయడానికి కారణం ఈ చక్రమే. కాలిన వాసన కూడా దీనివల్లే.

చాలా పాత కార్లలో ఇంజిన్ చుట్లు చూపే మీటరు ఉండదు. ఫరవాలేదు, చెవి ఉంది. ఇంజిన్ మోత పెరుగుతుంది, స్పీడోమీటరు ముల్లు కదలదు. ఇదే ప్రధానమైన గుర్తు.

జారుతున్నట్టు అనిపించే ఇతర లోపాలు

“బండికి పికప్ లేదు” అన్న ఒక్క మాటతో నాలుగైదు వేర్వేరు జబ్బులను చెప్పేస్తుంటాం. వాటిని విడదీసి చూడాలి.

ఇంజిన్ నీరసం: యాక్సిలరేటర్ తొక్కినా మోత పెరగదు, వేగమూ పెరగదు. ఇంధన ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు, స్పార్క్ ప్లగ్గులు చూడాలి. క్లచ్ జోలికి పోనక్కర్లేదు.

బ్రేకు పట్టేయడం: మోతకు తగ్గట్టే వేగం ఉంటుంది కానీ బండి బరువుగా లాగుతుంది. చదును రోడ్డు మీద న్యూట్రల్‌లో పెట్టగానే త్వరగా ఆగిపోతుంది. కొంత దూరం వెళ్లాక ఒక చక్రం దగ్గర మిగతావాటి కంటే ఎక్కువ వేడి తగులుతుంది. చక్రం దగ్గరికి చెయ్యి పోనిస్తే చాలు, ముట్టుకోకండి.

టైరు జారడం: బురదలో చక్రం తిరుగుతుంది, బండి కదలదు. అప్పుడు స్పీడోమీటరు ముల్లు పైకి లేస్తుంది, ఎందుకంటే దానికి లెక్క అందేది గేరు బాక్సు తర్వాతి భాగం నుంచి. క్లచ్ జారితే ముల్లు లేవదు. రెండింటికీ తేడా ఇదే.

క్లచ్ విడిపోకపోవడం: పెడల్ పూర్తిగా తొక్కినా గేరు కరకరమంటుంది, రివర్స్ పడదు. ఇది జారడానికి సరిగ్గా వ్యతిరేకమైన జబ్బు. కేబుల్ మరీ వదులైతే ఇలా అవుతుంది.

పరీక్షలు వరసగా

ముందుగా ఒక మాట. కారు నడపడానికి లైసెన్సు 18 ఏళ్లు నిండాకే. నడిపేది పెద్దవాళ్లు. మన పని పక్కన కూర్చుని చూడడం, వినడం, నోటు పుస్తకంలో రాయడం. నడిపేవారి కళ్లు రోడ్డు మీద ఉండాలి కాబట్టి నిజానికి ముల్లును గమనించే పని పక్కవారికే బాగా కుదురుతుంది.

మొదటి పరీక్ష, పెడల్ ఆట. ఇంజిన్ ఆపి ఉండగా క్లచ్ పెడల్‌ను చేత్తో మెల్లగా నొక్కండి. మొదట కొంత దూరం తేలిగ్గా పోతుంది, తర్వాత గట్టిగా తగులుతుంది. ఆ తేలిక దూరమే ఫ్రీ ప్లే. స్కేలు పెట్టి కొలవండి. ఎంత ఉండాలో కారుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. కేబుల్ క్లచ్ ఉన్న చాలా కార్లలో రెండు సెంటీమీటర్లకు అటూ ఇటూ. ప్లేటు అరిగేకొద్దీ స్ప్రింగు వేళ్లు బేరింగు వైపు జరుగుతాయి, అందువల్ల ఈ ఆట తగ్గుతుంది. అసలు లేకుండా పోతే బేరింగు ఎప్పుడూ వేళ్లను నొక్కుతూనే ఉంటుంది. అంటే ఎవరూ కాలు పెట్టకపోయినా పెడల్ కొంచెం తొక్కినట్టే. మనం గుర్తుంచుకోమన్న మాట ఇక్కడ పనికొచ్చింది. హైడ్రాలిక్ క్లచ్, తనంతట తాను సర్దుకునే కేబుల్ ఉన్న కార్లకు ఈ కొలత ఇలాగే వర్తించదు.

రెండో పరీక్ష, పట్టుకునే చోటు. మొదటి గేరులో పెడల్ వదులుతున్నప్పుడు ఎక్కడికి వచ్చాక బండి కదులుతోంది? దాదాపు పూర్తిగా పైకి వచ్చాకే కదిలితే అనుమానించాలి.

మూడో పరీక్ష, రోడ్డు మీద. ఖాళీగా, చదునుగా ఉన్న రోడ్డు చూసుకోవాలి. ఇంజిన్ బాగా వేడెక్కాక పై గేరులో 40, 50 మధ్య నిలకడగా వెళ్తూ యాక్సిలరేటర్ ఒక్కసారిగా పూర్తిగా తొక్కాలి. మోత, వేగం కలిసి మెల్లగా పెరిగితే మంచిదే. మోత గబుక్కున లేచి, ముల్లు నిలబడిపోతే జారుతున్నట్టే. ఈ పరీక్ష పై గేరులోనే ఎందుకు? కింది గేరులో బండి తేలిగ్గా వేగం అందుకుంటుంది, ఇంజిన్ బలంలో కొంత భాగం ఇంజిన్‌నే వేగంగా తిప్పడానికి పోతుంది. పై గేరులో బండి అంత త్వరగా వేగం అందుకోదు కాబట్టి దాదాపు మొత్తం బలం క్లచ్ మీదే, ఎక్కువసేపు నిలుస్తుంది.

నాలుగో పరీక్ష, నిలబెట్టి. మూడో పరీక్షలో తేలకపోతేనే ఇది. చదును నేల, చక్రాలకు ముందూ వెనకా ఇటుకలో రాళ్లో, హ్యాండ్ బ్రేకు గట్టిగా, బండికి ముందూ వెనకా ఎవరూ ఉండకూడదు. ఇంజిన్ స్టార్ట్ చేసి, పై గేరు వేసి, యాక్సిలరేటర్ కొంచెం తొక్కి, క్లచ్ పెడల్ మెల్లగా పూర్తిగా వదలాలి. మంచి క్లచ్ అయితే ఇంజిన్ వెంటనే ఆగిపోతుంది. పెడల్ పూర్తిగా వదిలినా ఇంజిన్ తిరుగుతూనే ఉంటే ప్లేటు జారుతోంది. వెంటనే ఆపేయాలి. ఒక్కసారే చేయాలి, మళ్లీ మళ్లీ చేస్తే పరీక్షే ప్లేటును కాల్చేస్తుంది.

కారణం ఎక్కడ ఉంది?

జారుతోందని తేలింది. అంతమాత్రాన ప్లేటు మార్చాలని కాదు. చవకైన కారణం నుంచి ఖరీదైనదాని వైపు వెళ్లాలి.

ఆట లేకపోతే ముందు కేబుల్ సర్దాలి. కేబుల్ చివర నట్టు తిప్పితే సరిపోతుంది, కొద్ది నిమిషాల పని. కేబుల్ తుప్పు పట్టి బిగుసుకుపోయి, పెడల్ పూర్తిగా వెనక్కి రాకపోతే కేబుల్ మార్చాలి. ఆ తర్వాత మూడో పరీక్ష మళ్లీ చేయాలి. జారడం ఆగితే అక్కడితో సరి. అయినా ఆట తగ్గిపోయిందంటే ప్లేటు కొంత అరిగిందనే అర్థం కాబట్టి అప్పుడప్పుడు కొలుస్తూ ఉండాలి.

ఆట సరిగ్గా ఉండి కూడా జారితే లోపం లోపలే: అరిగిన ప్లేటు, నీరసించిన స్ప్రింగు, లేదా నూనె. దీనికి గేరు బాక్సు దించాలి. ఖర్చంతా ఎక్కువగా ఆ పనికే. అందుకే ఒకసారి దించినప్పుడు ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ కలిపి మార్చడం మంచిది. దించే ముందు ఇంజిన్, గేరు బాక్సు కలిసే చోట అడుగున నూనె చెమ్మ ఉందేమో చూడాలి. ఉంటే నూనె కారే సీలు కూడా మార్చాలి. సీలు వదిలేసి ప్లేటు ఒక్కటే మారిస్తే కొత్త ప్లేటు కూడా నూనెలో తడిసి జారుతుంది, డబ్బు రెండుసార్లు పోతుంది.

ఇంకో కారణం మన కాలు. నడుపుతున్నంతసేపూ క్లచ్ పెడల్ మీద పాదం ఆనించడం, ఎత్తు మీద బ్రేకు వేయకుండా హాఫ్ క్లచ్‌తో బండిని ఆపి ఉంచడం, ఈ రెండూ ప్లేటును తినేస్తాయి. కొత్త ప్లేటు వేసినా అలవాటు మారకపోతే మళ్లీ అదే కథ.

మెకానిక్‌కు ఏం చెప్పాలి?

మన ఇళ్లలో ఇంకో చిత్రం ఉంది. కొత్త ఊళ్లో అక్కడి భాష ఇంట్లో అందరికంటే ముందు మనకే వస్తుంది. షెడ్డు దగ్గర అమ్మ మాటకో నాన్న మాటకో దుబాసీ మనమే. అప్పుడు “క్లచ్ పోయింది” అని చెప్పకూడదు. అది తీర్పు. తీర్పు మనమే చెప్పేస్తే షెడ్డులో ప్లేటు మార్చేయడం ఖాయం, కేబుల్ ఎవరూ చూడరు. మనం చూసింది మాత్రమే చెప్పాలి: “పై గేరులో 45 దగ్గర పూర్తిగా తొక్కితే మోత పెరుగుతోంది, వేగం పెరగడం లేదు. పెడల్ ఆట అర సెంటీమీటరే ఉంది. కింద నూనె చెమ్మ లేదు.” ఈ మూడు వాక్యాలు ఏ భాషలో చెప్పినా మంచి మెకానిక్‌కు సంగతి అర్థమవుతుంది. పాత ప్లేటు తీశాక చూపించమని మర్యాదగా అడగండి. రేకు మేకుల తలల దాకా పొర అరిగిందా, నల్లగా కాలిందా, నూనెతో మెరుస్తోందా, కంటికే కనిపిస్తుంది.

ప్రయాణం పెట్టుకోవచ్చా?

రోడ్డు పరీక్షలో జారిన కారుతో దూర ప్రయాణం వద్దు. జాయినింగ్ తేదీ దగ్గర పడిందనో, టిక్కెట్లు దొరకలేదనో తొందర ఉంటుంది. అయినా వద్దు. దారి మధ్యలోనే జారడం మొదలైతే కింది గేరులో, యాక్సిలరేటర్ తక్కువ తొక్కుతూ, ఎవరినీ దాటకుండా దగ్గరి షెడ్డుకు చేరాలి. కింది గేరులో క్లచ్ మీద భారం తగ్గుతుందని పైన లెక్క వేశాం కదా. వాసన గట్టిగా వస్తే పక్కకు ఆపి, ఇంజిన్ ఆపి, చల్లారనివ్వాలి. చల్లారాక పట్టు కొంత తిరిగి వస్తుంది. దాన్ని చూసి బాగైపోయిందనుకుని ఘాట్ ఎక్కకూడదు.

మీరే తేల్చండి

1. వానలో ఖాళీ స్థలంలో ఆపిన కారు కదలడం లేదు. స్పీడోమీటరు 20 చూపిస్తోంది.
2. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా మోతా పెరగదు, వేగమూ పెరగదు.
3. పై గేరులో మోత లేస్తోంది, ముల్లు నిలబడింది. పెడల్ ఆట అసలు లేదు.
4. ఆరు నెలల కిందటే ప్లేటు మార్చారు. ఆట సరిగ్గా ఉంది. మళ్లీ జారుతోంది. గేరు బాక్సు కలిసే చోట అడుగున తడి ఉంది.

జవాబులు: 1. టైరు జారుతోంది, క్లచ్ బాగానే ఉంది. 2. ఇంజిన్ నీరసం, ఇంధనం, గాలి, ప్లగ్గులు చూడాలి. 3. క్లచ్ జారుతోంది, ముందు కేబుల్ సర్ది మళ్లీ పరీక్షించాలి. 4. నూనె కారే సీలు మార్చలేదు, సీలూ ప్లేటూ రెండూ మార్చాలి.

నాలుగూ సరిగ్గా చెప్పగలిగితే ఈ ఆదివారం స్కేలు, నోటు పుస్తకం తీసుకుని ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి కారు దగ్గరికి వెళ్లండి. మొదటి పరీక్షకు రెండు నిమిషాలు చాలు. కొలిచిన అంకె పక్కన తేదీ కూడా రాయండి. మూడు నెలల తర్వాత మళ్లీ కొలిస్తే ప్లేటు అరుగుతోందో లేదో ఆ రెండు అంకెలే చెబుతాయి.